లోహితాస్యుడు ఎవరి బిడ్డ? – తెలుగు హరిశ్చంద్ర కథలో నిరాశ్రయ కుటుంబం

వ్యాస సంగ్రహం

తెలుగువారికి హరిశ్చంద్ర కథ సత్యవ్రతానికి ప్రతీక. అదే కథను అప్పు మెడకు చుట్టుకొని దేశం విడిచి, పరాయి నగరంలో విడివిడిగా అమ్ముడుపోయిన ఒక కుటుంబం కథగా చదివితే విమర్శ దృష్టి రాజు మీద నుంచి బిడ్డ మీదికి మళ్ళుతుంది. తెలుగులో ఈ కథకున్న కావ్య, నాటక రూపాలను, రంగస్థలం మీద ఆ నాటకంలో చేరిన జాషువా పద్యాల సందర్భాన్ని ఆధారం చేసుకొని లోహితాస్యుని స్థానాన్ని పరిశీలించడం, వలస, శరణార్థి బాలల రక్షణను గురించిన నేటి ఆలోచనకు ఆ పఠనం ఏమి చేర్చగలదో చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: హరిశ్చంద్ర కథ, లోహితాస్యుడు, వలస, కాందిశీకులు, బాలల రక్షణ, జాషువా.

దిక్కు, వలస, కాందిశీకుడు

దిశను చెప్పే సంస్కృత శబ్దం తెలుగులో ‘దిక్కు’ అయింది. అయి, మరో అర్థాన్ని కూడా సంపాదించుకొంది. ‘ఆ పిల్లకు దిక్కెవరు?’ అని అడిగేవారు తూర్పు పడమరల గురించి అడగరు. ‘నా బిడ్డ’ అని చెప్పే మనిషి ఉన్నాడా అని అడుగుతారు. దిక్కులేనివాడు, దిక్కుమాలినవాడు, దేవుడే దిక్కు వంటి పలుకుబళ్ళన్నీ ఈ రెండో అర్థం మీదనే నిలిచాయి. ‘కాందిశీకుడు’ అనే మాట మాత్రం మొదటి అర్థం మీద నిలిచింది. ‘ఏ దిక్కుకు పోవాలి?’ అనే ప్రశ్న నుంచి ఆ శబ్దం ఏర్పడిందని వ్యుత్పత్తి చెబుతారు. భయంతో పారిపోయేవాడని అమరకోశం చెప్పిన అర్థం. పోవలసిన దిక్కు తెలియకపోవడం, ఆదుకొనే దిక్కు లేకపోవడం వేరువేరు కష్టాలు. ఇల్లు కోల్పోయిన కుటుంబానికి ఆ రెండూ ఒకేసారి వస్తాయి.

‘వలస’ అనే మాట చరిత్ర ఇంకా విచిత్రమైనది. బ్రౌన్ నిఘంటువులో వలస అంటే శత్రుసైన్యానికి భయపడి ఊరు విడిచి పోవడం. అంటే నేడు ‘శరణార్థి’ మోస్తున్న అర్థాన్ని ఒకప్పుడు వలసే మోసింది. ఉత్తరాంధ్రలో ఆమదాలవలస, కొత్తవలస వంటి ఊరి పేర్ల చివర అదే మాట, కదిలివచ్చినవారు ఆగి నిలదొక్కుకొన్న చోటుకు గుర్తుగా మిగిలింది. తరువాతి కాలంలో కూలికి పోవడం వలస అయింది, పక్షులు ఖండాలు దాటడం వలస అయింది, చివరికి పరాయివారు వచ్చి పెత్తనం చేయడం కూడా వలసపాలన అయింది. ఇటుకబట్టీలోని కుటుంబాన్నీ ఈస్టిండియా కంపెనీనీ ఒకే మాటతో చెప్పుకోవలసి రావడం తెలుగు పరిభాషకు గర్వకారణం కాదు. ఈ విస్తరణలో జారిపోయింది భయం. వలస అనగానే నేటి పాఠకునికి పని గుర్తుకు వస్తుంది. ప్రాణభయం గుర్తుకు రాదు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేసిన తరువాత కొద్ది నెలల్లో నాలుగైదు లక్షల మంది భారతీయులు బర్మా విడిచారని అంచనా. ఓడలు దొరికినవారు పోగా మిగిలినవారు అరకాను కొండల మీదుగా, మణిపురం వైపు అడవుల మీదుగా నడిచారు. ఆకలితో, మలేరియాతో, కలరాతో దారిలోనే చనిపోయినవారు వేలల్లో ఉన్నారు. రంగూను రేవులోనూ బియ్యపు మిల్లుల్లోనూ పనిచేసిన తెలుగు కూలీలు, బర్మాలో ‘కోరంగీలు’ అని పిలిపించుకొన్నవారు, ఆ నడకలో ఉన్నారు. 1945లో జాషువా ఒక కావ్యానికి ‘కాందిశీకుడు’ అని పేరు పెట్టేనాటికి ఆ మాట నిఘంటువులో నుంచి దిగి వీధిలోకి వచ్చింది. రంగం పోయినప్పుడు వలస కూలీ, తిరిగి నడిచి వచ్చినప్పుడు కాందిశీకుడు. మనిషి ఒక్కడే. మాట మారినప్పుడు అతనికి దక్కే ఆదరణ కూడా మారింది.

చట్టం ఈ విభజనను మరింత గట్టిగా చేసింది. 1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒడంబడిక మీద గానీ, 1967 నాటి దాని అనుబంధం మీద గానీ భారతదేశం సంతకం చేయలేదు; శరణార్థులకు ప్రత్యేక చట్టమూ లేదు. రాష్ట్రాలు దాటి పనికి వెళ్ళే కూలీల కోసం 1979లో వచ్చిన చట్టం గుత్తేదారు ద్వారా నియమితుడైన ‘పనివాణ్ణి’ నిర్వచించింది. అతని వెంట వచ్చిన బిడ్డ ఆ నిర్వచనంలో లేదు. 2015 నాటి బాలల న్యాయచట్టం మాత్రం ఇల్లు, స్థిరనివాసం, కనిపించే జీవనాధారం లేని బిడ్డను సంరక్షణ, రక్షణ అవసరమైన బిడ్డగా గుర్తిస్తుంది. పద్దెనిమిదేళ్ళు నిండాయా అని అడుగుతుంది గానీ ఏ దేశమని అడగదు. పెద్దలను చూసే చట్టాలు రెండు చూపులతో చూస్తుండగా, బిడ్డను చూసే చట్టం ఒకే చూపుతో చూస్తున్నదన్న మాట. సాహిత్యం ఏ చూపుతో చూసిందన్నది ఇక్కడి ప్రశ్న.

అప్పు వెంట నడిచిన కుటుంబం

ఈ ప్రశ్నకు సమాధానం వెతకడానికి సాధారణంగా విమర్శకులు కరువు కథల వైపు, పాలమూరు పాటల వైపు వెళతారు. అది సహజమే. కానీ తెలుగు ప్రేక్షకుడు తరతరాలుగా కన్నీళ్ళు పెట్టుకొని చూసిన నిరాశ్రయ కుటుంబం మరొకటి ఉంది. దానిని నిరాశ్రయ కుటుంబమని ఎవరూ పిలవకపోవడం వల్ల అది ఈ చర్చలోకి రాలేదు.

మార్కండేయ పురాణంలోని హరిశ్చంద్ర కథను 15వ శతాబ్దిలో గౌరన ద్విపదలో విస్తరించాడు. 20వ శతాబ్దిలో బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్యహరిశ్చంద్రీయము’ ఊరూరా తిరిగింది. కథ అందరికీ తెలిసినదే. విశ్వామిత్రునికి రాజ్యం ధారపోసిన రాజు, అంతకుముందు ఒప్పుకొన్న ధనం ఇంకా బాకీ ఉండగా భార్యతో, బిడ్డతో కాశీకి నడుస్తాడు. ధర్మశాస్త్రాల మాట పక్కన పెట్టి, జరిగినదాన్ని మాత్రమే వరుసగా చెప్పుకొంటే ఇలా ఉంటుంది: ఉన్న ఊరిలో ఉండే హక్కు పోయింది, అప్పు మిగిలింది, అప్పు తీర్చడానికి పొరుగు రాజ్యంలోని నగరానికి పోయారు, అక్కడ అమ్మడానికి తమ శరీరాలు తప్ప మరేమీ లేవు. ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి తెలంగాణ ఇటుకబట్టీలకు వచ్చే కుటుంబం కథకు ఈ వరుస ఎంత దగ్గరో చెప్పనక్కరలేదు. అక్కడ కూడా ముందు అడ్వాన్సు, ఆ తరువాత ప్రయాణం. అక్కడ కూడా లెక్క మనిషికి కాదు, జట్టుకు. ఆలుమగలూ పిల్లలూ కలిస్తేనే జట్టు.

నక్షత్రకుడు ఈ పోలికకు కీలకం. గురువు పంపగా అప్పు వసూలుకు కుటుంబం వెంట నడిచిన ఈ శిష్యుడు తెలుగు కథలో మహాపాత్రగా ఎదిగాడు. వెంటపడి వేధించేవాణ్ణి నక్షత్రకుడని పిలవడం నుడికారమైంది. ఈ పాత్రను హాస్యానికి, కరుణకు మధ్య ఊగే అభినయ అవకాశంగానే రంగస్థల విమర్శ చూసింది. అతని పని ఏమిటో చూస్తే మరో సంగతి తెలుస్తుంది. అతడు అప్పిచ్చినవాడు కాడు, కొనేవాడూ కాడు. ఇద్దరి మధ్య నడిచేవాడు. అడవిలో అలిసిపోయిన పిల్లవాడితో పాటు తానూ అలిసిపోతాడు, విసుక్కుంటాడు, తన శ్రమకు భత్యం అడుగుతాడు. పాలమూరు గుంపు మేస్త్రీ, ఒడిశా సర్దారు ఈ వంశంవారే. వాళ్ళలో చాలామంది నిన్నటి కూలీలు. యజమాని కోపమూ కూలీ దుఃఖమూ రెండూ తమ మీదనే పడతాయని మొరపెట్టుకొంటారు. నక్షత్రకుని దుర్మార్గుడిగా చిత్రించకుండా, అలిసిపోయిన మధ్యవర్తిగా చిత్రించడంలో తెలుగు నాటకానికి ఉన్న లోకజ్ఞానం గొప్పది. మనుషులను కదిలించే వ్యవస్థలో మధ్యవర్తిని ఒక్కణ్ణి శిక్షించి చేతులు దులుపుకొనే ఆలోచన కన్నా అది లోతైనది.

కాలకౌశికుని ఇంట

కాశీ వీధిలో మొదట అమ్ముడుపోయింది చంద్రమతి. మార్కండేయ పురాణంలో ఈ ఘట్టంలోని ఒక చిన్న విషయం మీద తగినంత చర్చ జరగలేదు. కొన్నవాడు ఆమెను లాగుకొని పోతుంటే పిల్లవాడు తల్లి కొంగు పట్టుకొని ఏడుస్తూ వెంటపడతాడు. కొన్నవాడు వాణ్ణి తంతాడు. అప్పుడు తల్లి ప్రాధేయపడుతుంది: బిడ్డను కూడా కొనండి, వాడు లేకపోతే నేను మీకు పనికిరాను అని. కొన్నవాడు మరికొంత సొమ్ము ఇచ్చి పిల్లవాణ్ణి కూడా తీసుకొంటాడు.

కథ మొత్తంలో బిడ్డను గురించి ఒక పెద్ద మనిషి తీసుకొన్న స్పష్టమైన నిర్ణయం ఇది ఒక్కటే. అది రక్షణా, అమ్మకమా? రెండూను. బిడ్డ తల్లి దగ్గర ఉండడానికి ఉన్న ఏకైక మార్గం బిడ్డ కూడా అమ్ముడుపోవడం. ఆమె వాడిన వాదం కూడా గమనించదగినది. మాతృప్రేమను గురించి మాట్లాడలేదు; పని జరగదని చెప్పింది. యజమానికి అర్థమయ్యే భాషలో బిడ్డను కాపాడుకొంది. తెలుగు సంప్రదాయం ఈ ఘట్టంలో తల్లి కన్నీటిని పెంచింది గానీ ఈ యుక్తిని పెంచలేదు. రస దృష్టితో అది లాభమేమో గానీ, చంద్రమతి అనే మనిషి ఆ మేరకు తగ్గిపోయింది.

ఆ తరువాత కాలకౌశికుని ఇల్లు. కలహకంఠి గయ్యాళితనం మీద నాటకం కొంత నవ్వు పండిస్తుంది. ఆ నవ్వు మధ్యలోనే పిల్లవాణ్ణి దర్భలకు, సమిధలకు అడవికి పంపుతారు. పాము కరుస్తుంది. సంప్రదాయ వ్యాఖ్యలో ఇది విశ్వామిత్రుని పరీక్షలో ఒక మెట్టు. సాధారణ భాషలో దీని పేరు పనిలో చనిపోయిన బాలుడు. కొనుగోలులో తల్లికి జోడింపుగా వచ్చిన పిల్లవాడు, ఏ లెక్కలోనూ పనివాడిగా లేనివాడు, పనిలో చనిపోయాడు. తల్లికి కబురు అందిన తరువాత కూడా ఇంటిపని ముగిసేదాకా శవం దగ్గరికి వెళ్ళడానికి అనుమతి దొరకదు. రాత్రి ఒంటరిగా వెళ్ళి వెతుక్కొంటుంది. తెలుగు నాటకంలో ఇంతకన్నా కఠినమైన సామాజిక దృశ్యాలు ఎక్కువ లేవు. పరీక్ష అనే చట్రం లేకపోతే ఈ దృశ్యాన్ని ప్రేక్షకుడు భరించగలిగేవాడు కాడేమో.

2020 వేసవిలో దేశవ్యాప్త దిగ్బంధంలో, ములుగు ప్రాంతపు మిరపతోటల్లో కాయలు కోయడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన 12 ఏళ్ళ బాలిక, తన ఊరివారితో కలిసి అడవిదారుల్లో నడుస్తూ ఇంటికి చేరువలో చనిపోయింది. ఆ వార్త వచ్చేదాకా, మిరపకోతకు అంత చిన్నపిల్లలు రాష్ట్రం దాటి వస్తున్నారన్న సంగతి చాలామంది చదువరులకు తెలియదు. చనిపోయిన తరువాతనే కనబడడం లోహితాస్యుని నుంచి ఈ పిల్లల దాకా మారలేదు.

కాటి సుంకం

శ్మశాన ఘట్టంలో తెలుగు రంగస్థలం ఒక అపూర్వమైన పని చేసింది. బలిజేపల్లి నాటకంలో లేని జాషువా ‘శ్మశానవాటిక’ పద్యాలను నటులు తెచ్చి హరిశ్చంద్రుని నోట పెట్టారు. ప్రేక్షకులు వాటిని నాటకంలోవే అనుకొనేంతగా అవి కలిసిపోయాయి. రాజు శ్మశానంలో కాపలాదారు కావడం పతనమని కథ అంటుంది. ఆ పతనాన్ని వర్ణించడానికి రంగస్థలానికి దొరికిన ఉత్తమ పద్యాలు, ఆ శ్మశానపు పనిని పుట్టుకతో అంటగట్టిన సమాజంలో అంటరానివాడిగా చూడబడిన కవివి. దళిత విమర్శ హరిశ్చంద్ర కథలోని ఈ అవమాన భావనను సరిగానే తప్పుపట్టింది: వీరబాహుని కొలువు రాజుకు పరీక్ష అయితే, వీరబాహునికి అది ఏమిటి? కథ ఆ ప్రశ్న వేయదు. వీరబాహుణ్ణి మారువేషంలోని దేవతను చేసి తప్పించుకొంటుంది.

అయినా ఈ ఘట్టంలో సుంకం అనే విషయం మిగిలిపోతుంది. బిడ్డను దహనం చేయాలంటే కాటి సుంకం కట్టాలి. తల్లి దగ్గర ఏమీ లేదు. ఊరు విడిచినవారికి చావు ఎంత ఖరీదైనదో ఇంత సూటిగా చెప్పిన కథ అరుదు. సొంత ఊరిలో బంధువులు, కులం, వాడుకలు శవాన్ని మోస్తాయి. పరాయి చోట ప్రతి అడుగుకూ రుసుము ఉంది, ప్రతి రుసుముకూ ఒక కాగితం ఉంది. చంద్రమతి మెడలోని మంగళసూత్రం భర్తకు తప్ప ఇతరులకు కనబడదని కథ చెబుతుంది. కాటికాపరి దాన్ని చూడడంతోనే ఆమె ఎవరో తేలుతుంది. ఆమెకున్న గుర్తింపు అదొక్కటే, దానిని చదవగలిగినవాడు లోకంలో ఒక్కడే. హైదరాబాదు శివార్లలో, బాలాపూర్ పరిసరాల్లో నివసించే రోహింగ్యా కుటుంబాల చేతుల్లో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డులున్నాయి. శరణార్థి చట్టం లేనిచోట ఆ కార్డును చదవగలిగే కార్యాలయాలు ఎన్ని ఉంటాయన్నది వారి పిల్లల బడి, వైద్యం అన్నింటికీ ముడిపడిన ప్రశ్న. ఢిల్లీలోని రోహింగ్యా పిల్లల విషయంలో సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో, వారు నేరుగా ప్రభుత్వ బడులను ఆశ్రయించవచ్చునని, నిరాకరిస్తే హైకోర్టుకు వెళ్ళవచ్చునని చెప్పింది. బడిలో చేరడానికి న్యాయస్థానం మెట్లు ఎక్కవలసిన బిడ్డ ఎంతమంది పెద్దల మీద ఆధారపడాలో ఆ మాటలోనే ఉంది.

సుంకంతో కథ ఆగదు. అదే రాత్రి కాశీరాజు కుమారుణ్ణి చంపిందన్న నింద చంద్రమతి మీద పడుతుంది. శవంతో చీకట్లో కనబడిన ఊరూపేరూ లేని స్త్రీ బిడ్డలను చంపేది కాక మరెవరవుతుందన్నది తలారుల తర్కం. సొంత బిడ్డ చనిపోయినదని ఎవరూ నమ్మరు. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతులతో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో బిచ్చగాళ్ళ మీద, భాష తెలియని అపరిచితుల మీద దాడులు జరిగాయి. ప్రాణాలు కూడా పోయాయి. పిల్లలతో రోడ్డు మీద ఉన్న మనిషికి ‘వీళ్ళు నీ పిల్లలేనా?’ అన్న ప్రశ్న నేడు కొత్తది కాదు. బాలల అక్రమ రవాణాను అడ్డుకోవలసిన అవసరం నిజమైనదే. కానీ ఆ జాగ్రత్త పేరుతో పేద తల్లి చేతిలోని బిడ్డను ముందు లాక్కొని ఆ తరువాత విచారించే పద్ధతి, కాశీ తలారుల పద్ధతికి ఎంత దూరంలో ఉందో బాలల సంక్షేమ వ్యవస్థ ఆలోచించుకోవాలి.

లేచిన బిడ్డ

చివరికి దేవతలు ప్రత్యక్షమవుతారు, లోహితాస్యుడు బ్రతుకుతాడు, రాజ్యం తిరిగి వస్తుంది. ఈ ముగింపును బలహీనమైనదని తోసిపుచ్చడం తేలిక. నిజానికి బలహీనత ముగింపులో లేదు, కథ మధ్యలోనే ఉంది. లోహితాస్యుడు మొదటి నుంచి తండ్రి సత్యానికి కొలమానం మాత్రమే. దారిలో ఆకలి అంటాడు, తండ్రి దుఃఖం పెరుగుతుంది. చనిపోతాడు, తండ్రి పరీక్ష పెరుగుతుంది. బ్రతుకుతాడు, తండ్రి గెలుపు పూర్తవుతుంది. ఆధునిక సాహిత్యం కూడా ఈ అలవాటు నుంచి పూర్తిగా బయటపడలేదు. వలసను గురించిన కవితల్లో చంకలోని పసిపాప, మూటల మీద నిద్రపోయే పిల్లవాడు కనబడతారు, కానీ వాళ్ళు పెద్దల కష్టానికి గుర్తులుగా కనబడతారు. చాసో ‘కుంకుడాకు’లో ఆకులేరుకొనే పేద పిల్లను నేరుగా చూడగలిగాడంటే, ఆ కథలో తండ్రి గొప్పతనం నిరూపించే బాధ్యత ఆమె మీద లేకపోవడం ఒక కారణం. ఆమె ఆకలీ, ఆమె ఆటా, ఆమె మీద పడ్డ నిందా ఆమెవే.

అందుకే హరిశ్చంద్ర కథలో విమర్శ నిలవవలసిన చోటు పునర్జీవనం కాదు, కాశీ వీధి. బిడ్డను వదిలిపెట్టాలా, తనతో పాటు అమ్మాలా అన్న చంద్రమతి సంకటం నేటికీ అలాగే ఉంది. బట్టీకి పోయే తల్లికి రెండు దారులు: బిడ్డను సొంత జిల్లాలోని సీజనల్ హాస్టల్లో వదిలి రావడం, లేదా వెంట తెచ్చుకోవడం. ఒడిశాలోనూ పాలమూరులోనూ ఇలాంటి హాస్టళ్ళు నడిచాయి. చదువు ఆగకూడదన్నది వాటి న్యాయం. భారతదేశం 1992లో అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడిక, బిడ్డను తల్లిదండ్రుల నుంచి వారి ఇష్టానికి విరుద్ధంగా వేరుచేయరాదని కూడా చెబుతుంది. శరణార్థి బిడ్డకు 22వ అధికరణంలో ప్రత్యేక రక్షణ కోరుతుంది. హాస్టల్లో వదిలితే ఆరు నెలలు తల్లి ముఖం కనబడదు. వెంట తెస్తే ఇటుకలు ఆరబెట్టే చేతుల్లో మరో జత చేరుతుంది. చంద్రమతి రెండో దారి ఎంచుకొంది, బిడ్డ అడవిలో చనిపోయాడు. అందుకని మొదటిదే మంచిదని చెప్పడం తొందరపాటు. వదిలి వచ్చిన బిడ్డ గురించి ఏ కథా రాలేదు కాబట్టి ఆ దారి క్షేమమని అనిపిస్తుంది, అంతే.

మూడో దారిని కొన్ని చోట్ల ప్రయత్నించారు. తెలంగాణ బట్టీల దగ్గర పని స్థలంలోనే ఒడియా మాధ్యమంలో బడులు పెట్టి, ఒడిశా ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు, ఒడియా చెప్పగల ఉపాధ్యాయులతో నడిపారు. బిడ్డ తల్లి కనుచూపు మేరలో ఉంటుంది, చదువు సొంత భాషలో ఉంటుంది, తిరిగి వెళ్ళినప్పుడు తరగతి పోదు. వేసవి చివర బట్టీలు ఆగి కుటుంబాలు రైలెక్కే నాటికి ఆ పిల్లల చేతికి వచ్చే కాగితం, ఒక బడి నుంచి మరో బడికి వాళ్ళ పేరు మోసుకొనిపోయే ధ్రువపత్రం. అందులో తండ్రి పేరుకు ముందు పిల్లవాడి పేరు ఉంటుంది.